మెటల్ బాడీనా, ప్లాస్టిక్ బాడీనా? బరువు పడే చోట ఏముందో చూసి కొనండి

షోరూమ్‌లో "ఇది మెటల్ బాడీ సార్, ప్లాస్టిక్ కాదు" అని చేతికివ్వగానే మనం అడగాలనుకున్న ప్రశ్నలు సగం మర్చిపోతాం. నాలుగేళ్ల కిందట మా తమ్ముడి బీటెక్ కోసం ల్యాప్‌టాప్ కొన్నప్పుడు నాకూ అదే జరిగింది. మూత అల్యూమినియం, వేలు పెడితే చల్లగా తగిలింది, బరువూ పర్లేదనిపించింది, ఇంకేం చూడకుండా కొనేశాం. మూడో ఏడాది ఓ రోజు వాడు మూత తెరుస్తుంటే ఎడమవైపు టక్కుమని చప్పుడొచ్చి కింది మూల నోరు తెరుచుకుంది. విప్పి చూస్తే హింజ్, అంటే మూత తిరిగే కీలు, ఉక్కుది, దానికేం కాలేదు. మూతకీ ఏం కాలేదు. ఆ హింజ్ స్క్రూలు బిగించింది మాత్రం ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి నట్లలో, ఒక్కోటి కందిగింజంత ఉంటుందేమో. అవి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని పెకలించుకుని బయటికొచ్చేశాయి. సర్వీస్ సెంటర్‌లో "ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు" అన్నారు.

అప్పటినుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. వస్తువు మొత్తానికి కలిపి మెటలా ప్లాస్టికా అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. అది ఎక్కడ వంగుతుంది, ఎక్కడ వేడెక్కుతుంది, కింద పడితే ముందు ఏ భాగం నేలకి తగులుతుంది, ఆ చోట ఏం పెట్టారు, పాడైతే ఆ ముక్క విడిగా దొరుకుతుందా, ఇవి చూసుకోవాలి. ఫోన్‌కి వచ్చే జవాబు ల్యాప్‌టాప్‌కి రాదు.

ఫోన్: పడే వస్తువు

ఫోన్ ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది, అందుకని పడినప్పుడు ఏమవుతుందో ముందు చూద్దాం. పాలీకార్బనేట్ లాంటి మంచి ప్లాస్టిక్ దెబ్బ తగిలినప్పుడు కొంచెం వంగి మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. అల్యూమినియం వంగితే అలాగే ఉండిపోతుంది, నొక్కు పడుతుంది. గాజు పెద్దగా వంగదు, పగులుతుంది. పైగా దెబ్బ తీవ్రత బరువుని బట్టి పెరుగుతుంది. ఘన సెంటీమీటరుకి పాలీకార్బనేట్ 1.2 గ్రాములు, అల్యూమినియం 2.7, టైటానియం దాదాపు 4.5, స్టీలు 8 దగ్గర. లోహం పెరిగేకొద్దీ ఫోన్ బరువెక్కుతుంది, బరువెక్కేకొద్దీ అదే ఎత్తు నుంచి పడినా దెబ్బ గట్టిగా తగులుతుంది.

2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచమంతా కలిపి 25 కోట్లకి పైగా అమ్ముడైంది, మన ఊళ్లలో వ్యవసాయం చేసే వాళ్ల జేబుల్లో ఏళ్ల తరబడి బతికింది. వంద గ్రాములు కూడా ఉండదు, ఒళ్లంతా ప్లాస్టిక్. పడితే వెనక మూత ఒకచోట, బ్యాటరీ ఒకచోట, ఫోన్ ఒకచోట పడేవి. ఏరుకుని మళ్లీ పెట్టుకునేవాళ్లం. దెబ్బలో ఉన్న శక్తిలో కొంత అలా ముక్కలు విడిపోవడంలోనే ఖర్చయిపోయేది. స్క్రీన్ కూడా చిన్నది, లోపలికి ఉండేది. ఇప్పటి ఫోన్‌లో అంచుదాకా గాజే, బరువేమో రెండు వందల గ్రాముల దాకా ఉంటోంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఇవాళ "మెటల్ ఫోన్" అని అమ్మేవాటిలో ఎక్కువ శాతం నిజానికి చుట్టూ మెటల్ ఫ్రేమ్, ముందూ వెనకా గాజు. లోహం రేడియో సిగ్నల్‌ని అడ్డుకుంటుంది కాబట్టి 2016, 17 ప్రాంతంలో మనవాళ్లు విపరీతంగా కొన్న రెడ్‌మీ నోట్ 3, నోట్ 4 లాంటి మెటల్ ఫోన్లలో కూడా పైనా కిందా యాంటెన్నాల కోసం చోటు వదలాల్సి వచ్చింది. వైర్‌లెస్ చార్జింగ్ కూడా లోహపు వీపులోంచి పని చేయదు. అందుకే ఖరీదైన ఫోన్లలో లోహపు వీపు పోయి గాజు వచ్చింది. ఐఫోన్ 4 విషయంలో 2010లో జరిగింది గుర్తుందా, చుట్టూ ఉన్న స్టీలు పట్టీయే యాంటెన్నా, చేత్తో ఒకచోట పట్టుకుంటే సిగ్నల్ పడిపోయేది, చివరికి యాపిల్ కొన్నవాళ్లకి ఉచితంగా బంపర్ కవర్లు ఇచ్చింది.

కాబట్టి ఫోన్ వీపు దగ్గర మీ ముందున్న ఎంపిక చాలాసార్లు గాజుకీ ప్లాస్టిక్‌కీ మధ్యే. పడితే తట్టుకునే విషయంలో అక్కడ నా ఓటు ప్లాస్టిక్‌కే, అనుమానం లేదు. శాంసంగ్ 2021లో గెలాక్సీ ఎస్21కి ప్లాస్టిక్ వీపు పెట్టినప్పుడు చాలామంది చీప్‌గా ఉందన్నారు. చీప్‌గా ఉందనిపించడానికీ తొందరగా పాడవడానికీ సంబంధం లేదు. అంతకంటే పాత ఉదాహరణ అదే కంపెనీది ఉంది. 2014లో వచ్చిన గెలాక్సీ ఎస్5 పూర్తిగా ప్లాస్టిక్, వీపు ఊడదీసి బ్యాటరీ మార్చుకోవచ్చు, మెమరీ కార్డు పెట్టుకోవచ్చు, ఐపీ67 కూడా ఉంది, అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉన్నా తట్టుకునేలా పరీక్షించిన ఫోన్. మరుసటి ఏడాది ఎస్6 మెటల్, గాజుతో అందంగా వచ్చింది, ఆ మూడూ పోయాయి.

ఫ్రేమ్ మాత్రం వేరే కథ. ఫ్రేమ్‌కి మెటల్ ఉంటే ఫోన్ అంత తేలిగ్గా వంగదు, వెనక జేబులో పెట్టుకుని కూర్చున్నప్పుడు లోపలి బోర్డు మీద ఒత్తిడి తగ్గుతుంది. అయితే మెటల్ అనగానే సరిపోదు, ఏ మెటల్, ఎంత మందం అన్నది కూడా ఉంటుంది. 2014లో ఐఫోన్ 6 ప్లస్‌లు జేబుల్లో వంగిపోతున్నాయని పెద్ద గొడవైంది, వాల్యూమ్ బటన్ల కోసం రంధ్రాలు పెట్టిన బలహీనమైన చోట వంగేవి. తర్వాతి ఏడాది 6ఎస్‌లో అంతకంటే గట్టిదైన 7000 సిరీస్ అల్యూమినియం వాడారు. 2023లో ఐఫోన్ 15 ప్రో స్టీలు వదిలేసి టైటానియంకి మారితే బరువు 206 నుంచి 187 గ్రాములకి దిగింది. 2025లో 17 ప్రో మళ్లీ అల్యూమినియంకే వచ్చింది, వేడిని బాగా లాగేస్తుందన్నది దానికి ముఖ్య కారణం.

మెటల్ ఫ్రేమ్‌కి ఒక పెద్ద లోపం ఉంది, అది రిపేరుకి వెళ్లినప్పుడే తెలుస్తుంది. మూల మీద పడి ఫ్రేమ్ నొక్కుకుపోయిందనుకోండి. స్క్రీన్ పగిలింది కదా అని కొత్త డిస్‌ప్లే వేయించేస్తే ఆ నొక్కు కొత్త గాజు అంచుని ఎప్పుడూ ఒత్తుతూనే ఉంటుంది, కొన్నాళ్లకి ఏమీ పడకుండానే సన్నగా ఒక గీత బయల్దేరుతుంది. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఒక కుర్రాడు నా ఫోన్ బాగుచేస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. డిస్‌ప్లే తీసి పక్కన పెట్టి, ముందు ఆ మూలని లోపలి నుంచి మెల్లమెల్లగా బయటికి తెచ్చాడు, తర్వాత ఆకురాయితో అంచు నున్నగా రాశాడు, కొత్త గాజు జిగురు లేకుండా ఊరికే పెట్టి నాలుగువైపులా సమానంగా కూర్చుంటోందా అని వేలితో తడిమి చూసుకున్నాడు, అప్పుడు అతికించాడు. మీరు డిస్‌ప్లే మార్పించేటప్పుడు మూల సరిచేశారా అని అడగండి, చేయకపోతే డబ్బు ఇవ్వకండి. ప్లాస్టిక్ ఫ్రేమ్‌కి ఈ నొక్కు సమస్య చాలా తక్కువ, చీలితే మాత్రం ఫ్రేమ్ మార్చాల్సిందే.

మీరు ఎలాగూ కొన్న రోజే పౌచ్ వేస్తారు కదా, ఇక గాజు వీపు కోసం నాలుగైదు వేలు ఎక్కువ పెట్టడం నాకు అర్థం కాదు. ఆ అందాన్ని మీరే చూడరు. బడ్జెట్ ఫోన్ అయితే ప్లాస్టిక్ వీపు, ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్నా ధైర్యంగా తీసుకోండి, ఆ డబ్బు స్టోరేజీ మీద పెట్టండి. మధ్య ధరలో అయితే మెటల్ ఫ్రేమ్, ప్లాస్టిక్ వీపు కలిసి ఉన్నది వెతకండి, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచే కలయిక అదే. పైధరల్లో గాజు తప్ప పెద్దగా దొరకదు, అక్కడ కొనేముందే వెనక గాజు మార్చడానికి ఎంతవుతుందో కనుక్కోండి. అమ్మానాన్నలకి, పిల్లలకి, రోజంతా బండి మీద తిరిగే వాళ్లకి ప్లాస్టిక్ వీపే ఇవ్వండి.

ల్యాప్‌టాప్: మెలిపడే వస్తువు

ల్యాప్‌టాప్ ఫోన్ అంత తరచుగా పడదు. దానికి వచ్చే కష్టమంతా రోజూ మూత తెరవడం, మూయడం, ఒక చేత్తో మూల పట్టుకుని ఎత్తడం, బ్యాగులో పుస్తకాల కింద నలగడం. కాబట్టి ఇక్కడ నా సలహా తిరగబడుతుంది, ఇక్కడ మెటల్‌కి డబ్బు పెట్టొచ్చు, కానీ సరైన భాగంలో ఉంటేనే.

రిపేరు చేసేవాళ్లు ల్యాప్‌టాప్ బాడీని నాలుగు ప్యానెళ్లుగా చెప్తారు. "ఏ" (A) ప్యానెల్ అంటే మూత పైభాగం, బీ అంటే స్క్రీన్ చుట్టూ ఉండే అంచు, సీ అంటే కీబోర్డు, అరచేతులు ఆనే భాగం, డీ అంటే అడుగు. తక్కువ ధర మోడళ్లలో "మెటల్ బాడీ" అంటే చాలాసార్లు "ఏ" (A) ప్యానెల్ ఒక్కటే మెటల్, ఎందుకంటే షాపులో కనిపించేది అదే. హింజ్ కింది భాగం సాధారణంగా బిగించేది సీ ప్యానెల్‌కి. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో మోసం అక్కడే. మీకు మెటల్ కావాల్సింది సీ ప్యానెల్‌లో. అది ఉంటే కీబోర్డు కుంగదు, హింజ్ స్క్రూలకి గట్టి ఆధారం ఉంటుంది.

షాపులో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. కీబోర్డు మధ్యలో బొటనవేలితో నొక్కండి, పడవలా కుంగితే వద్దు. ఒక ముందు మూల పట్టుకుని కొంచెం ఎత్తండి, కిర్రుమని చప్పుడొస్తే ఆలోచించండి. మూత తెరుస్తూ హింజ్ పక్కన ఉన్న సందుని గమనించండి, తెరిచేటప్పుడు ఆ సందు పెరుగుతుంటే ఇంకో మోడల్ చూడండి. ఏది మెటల్ అన్నది ఏసీ గదిలో చేత్తో తాకితేనే తెలుస్తుంది, లోహం చల్లగా తగులుతుంది, వెండి రంగు వేసిన ప్లాస్టిక్ తగలదు. "మెటల్ ఫినిష్", "మెటాలిక్ లుక్" అని రాసి ఉంటే అది చాలావరకు ప్లాస్టికే.

చల్లగా తగలని ప్రతిదీ చవకదని కూడా అనుకోకండి. మెగ్నీషియం మిశ్రమ లోహంతో చేసి పైన నల్ల రంగు వేసిన ల్యాప్‌టాప్‌లు అచ్చం ప్లాస్టిక్‌లా అనిపిస్తాయి. మెగ్నీషియం అల్యూమినియం కంటే మూడోవంతు తేలిక, రోజూ మోసేవాళ్లకి చాలా మంచిది. గాజు పీచు, కార్బన్ పీచు కలిపిన ప్లాస్టిక్ మామూలు ప్లాస్టిక్‌తో పోలిస్తే ఎంతో గట్టిది, థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల పేరు నిలబడింది ఇలాంటి వాటి మీదే. నమ్మకం కుదరకపోతే వడ్రంగి చేతిలో డ్రిల్లింగ్ మెషిన్ చూడండి. దాని ఒళ్లు సాధారణంగా గాజు పీచు కలిపిన నైలాన్, నిచ్చెన మీద నుంచి ఎన్నిసార్లు పడుంటుందో, ఇంకా తిరుగుతూనే ఉంటుంది. మరోవైపు 2006లో వచ్చిన తెల్ల మ్యాక్‌బుక్ పాలీకార్బనేట్‌దే, అరచేతులు ఆనేచోట అంచులు చీలి పెచ్చులు ఊడేవి. 2008లో యాపిల్ అల్యూమినియం దిమ్మని చెక్కి చేసే పద్ధతికి మారింది.

"మిలిటరీ గ్రేడ్" అన్న మాటకి తొందరపడి ఎక్కువ డబ్బు ఇవ్వకండి. దాని వెనకున్న మిల్ స్టాండర్డ్ 810 అనే అమెరికా సైనిక ప్రమాణం చాలా పరీక్షల సముదాయం, అందులో ఏవి చేయించాలో కంపెనీయే ఎంచుకుంటుంది. అందులో అందరూ చెప్పుకునే డ్రాప్ టెస్ట్ 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు వేయడం, ఆ 26 దెబ్బల్నీ అయిదు పీసుల దాకా పంచుకోవచ్చు, పడేది కూడా ప్లైవుడ్ మీద. మన ఇంటి గ్రానైట్ నేల వేరు. ఏ పరీక్షలు చేయించారో వివరంగా రాస్తే కొంత నమ్మొచ్చు, స్టిక్కర్ ఒక్కటే ఉంటే లెక్కలోకి తీసుకోకండి.

వేడి, షాక్, ఉప్పుగాలి

అల్యూమినియం మామూలు ప్లాస్టిక్ కంటే దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. మెటల్ ఫోన్ చేతికి వేడిగా తగిలితే భయపడతాం కానీ, లోపలి వేడి బయటికి వస్తోందనే దాని అర్థం. రెంటచింతల, రామగుండం వైపు ఎండలు 45 దాటే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే చాలా ఫోన్లు 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడటానికి తయారైనవి, బ్యాటరీ ఆయువుని తినేసేది ముఖ్యంగా వేడే. కానీ మందపాటి పౌచ్ వేస్తే ఈ లాభం చాలావరకు పోతుంది. ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ ఉంటే వేడి గాలితో బయటికి పోతుంది కాబట్టి బాడీ ప్లాస్టిక్ అయినా పెద్ద తేడా రాదు. 2020 ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లా ఫ్యాన్ లేనివాటికి మాత్రం మెటల్ బాడీ ఉండి తీరాలి.

మెటల్ ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా చెయ్యి రాస్తే జివ్వుమనడం మీకూ అనుభవమై ఉంటుంది. రెండు పిన్నుల అడాప్టర్లలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల మన 230 వోల్టుల్లో సగం దాకా బాడీ మీద తేలుతుంది, కరెంటు మాత్రం అతి కొద్దిగా ఉంటుంది. ఒరిజినల్ చార్జర్ అయితే ప్రాణానికి ప్రమాదం లేదు. మూడు పిన్నుల చార్జర్ వాడితే పోవాలి, అప్పటికీ పోకపోతే గోడలోని మూడో రంధ్రానికి అసలు ఎర్త్ వైరే లేకపోయి ఉండొచ్చు. పాత ఇళ్లలో, హాస్టళ్లలో ఇది చాలా మామూలు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. డూప్లికేట్ చార్జర్‌తో మెటల్ బాడీ మాత్రం అస్సలు వద్దు. ప్లాస్టిక్ బాడీతో ఈ టెన్షన్ లేదు, హెయిర్ డ్రయ్యర్లు, డ్రిల్లింగ్ మెషిన్ల మీద చదరంలో చదరం గుర్తు ఉంటుంది చూడండి, ఎర్త్ అవసరం లేకుండా రెండు పొరల ఇన్సులేషన్ ఉందని దాని అర్థం.

విశాఖ, కాకినాడ, బందరు వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి ఇంకో మాట. అల్యూమినియం మీద ఉండే యానోడైజింగ్ అనే రక్షణ పొర గీసుకుపోయిన చోట ఉప్పుగాలికి, చెమటకి తెల్లటి పొడి, చిన్న గుంటలు మొదలవుతాయి. అరచేతులు ఆనేచోట వారానికోసారి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టుకుంటే చాలు. ప్లాస్టిక్‌కి తుప్పు భయం లేదు, కానీ పైన మెత్తని రబ్బరు పూత ఉన్నవి మాత్రం కొనకండి, గాలిలో తేమకి ఆ పూత కొన్నేళ్లలో విడిపోయి బంకబంకగా అవుతుంది, మౌస్‌లకి, పాత రేడియోలకి ఇదే జరిగేది. ప్లాస్టిక్ వస్తువుని పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్‌తో ఎప్పుడూ తుడవకండి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల క్రీము రాసుకున్న చేత్తో కూడా పట్టుకోకండి, పైపొర కరిగి మరకలు పడతాయి.

పవర్ బ్యాంక్ ఏదైనా పర్లేదు, ఒక్క జాగ్రత్త తప్ప. మెటల్‌దానికి గట్టి నొక్కు పడితే లోపలి సెల్ కూడా నొక్కుకుని ఉండొచ్చు, వాడటం ఆపేయండి. వాచీకి ప్లాస్టిక్ తేలిక, కానీ బెల్టు తగిలించే చెవులు విరిగితే మళ్లీ అతకవు, కాబట్టి రోజూ ఆటలాడేవాళ్లు అక్కడ మెటల్ ఉన్నది తీసుకోవడం మేలు.

ఇప్పటికే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి

తమ్ముడి ల్యాప్‌టాప్‌ని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. చూడగానే "అన్నా, మూత ఎడమ మూల పట్టుకునే తెరుస్తడు గదా మీ తమ్ముడు?" అన్నాడు. నిజమే, కుడిచేయి ఎప్పుడూ మౌస్ మీదే. అప్పటికి ఇంట్లో మేం ఫెవిక్విక్ పోసి వంటసోడా చల్లి ఒకసారి అతికించి ఉన్నాం, అది వారం కూడా ఆగలేదు. చిన్న పెచ్చులకి అది చాలు కానీ హింజ్ లాగుడుకి ఆగదు. ఆయన ముందు హింజ్ నట్టుని కొద్దిగా వదులు చేశాడు. "టైట్ అయిపోయింది, అందుకే ప్లాస్టిక్‌ని గుంజేసింది, ముందే లూజ్ చేయించుకుంటే ఇరిగేది కాదు" అన్నాడు. తర్వాత అడుగు భాగానికి ఇటునుంచి అటు దాకా రంధ్రాలు వేసి, వాషర్లు పెట్టి సన్న బోల్టులతో హింజ్‌ని బిగించి, చుట్టూ రెండు భాగాల ఆరల్‌డైట్ జిగురు నింపి ఒక రాత్రంతా కదపకుండా ఉంచాడు.

మూత గట్టిగా అనిపించడం మొదలైతే ఆలస్యం చేయకండి, విరక్కముందు అది చిన్న పని. తెరిచేటప్పుడు మూత మధ్యలో పట్టుకోండి. ఒకవేళ విరిగిపోయుంటే ముందు మీ మోడల్ సీ ప్యానెల్ విడిగా దొరుకుతుందేమో అడగండి, ప్లాస్టిక్‌దైతే చాలాసార్లు తక్కువకే దొరుకుతుంది. అదే ఒకే లోహపు దిమ్మని చెక్కి చేసిన మెటల్ యూనిబాడీ అయితే కీబోర్డు రివెట్లతో దానికే బిగించి ఉంటుంది, కొన్నిటిలో బ్యాటరీ కూడా అతికించి ఉంటుంది, అన్నీ కలిపి మార్చాలంటారు. మావాడి ల్యాప్‌టాప్ ఇప్పటికీ పని చేస్తోంది, అడుగున బోల్టు తలలు బల్లకి గీతలు పెట్టకుండా నాలుగు రబ్బరు బుడిపెలు అతికించుకున్నాడు.